మా చాల్ ముందు సున్నపు గీత

లోకంలో ఎంత పెద్ద తగాదా అయినా మధ్యలో రెండు భాషలు తెలిసిన మనిషి నిలబడితే చాలు, తీరిపోతుందని ఆ రోజుల్లో నేను గట్టిగా నమ్మేదాన్ని. నాకేమో మూడు వచ్చు. బడి మరాఠీలో, బజారు హిందీలో, ఇల్లు తెలుగులో. పైగా డిగ్రీ కొత్తగా చేతికొచ్చింది. ఇంకేం కావాలి! (ఇప్పుడు మా పాపకి రెండేళ్లు. అది మూడు భాషల్లోనూ కలిపి ఏడుస్తుంది, ఎందుకో ఒక్క భాషలోనూ నాకు అర్థం కాదు. రాత్రి అది నిద్రపోయాక, జ్వరమేమోనని నుదురు తాకి తాకి చూసి, ఆ కంగారు పోగొట్టుకోవడానికి ఇలా రాసుకుంటూ కూర్చుంటాను.) కంగారు నాకు కొత్తగా రాలేదు. నా మొదటి ఉద్యోగం రోజుల్లోనే అది నాతో పాటు హాజరు వేయించుకునేది.

ఆ ఉద్యోగం మా భివండీలో ఊరి సరిహద్దులు మళ్లీ చూసుకుంటున్న కాలంలో దొరికింది. ఊరు పెరిగిపోయింది. ఒకప్పుడు పొలాలున్న చోట సాంచెల షెడ్లు లేచాయి (మరమగ్గాలను మావాళ్లు సాంచెలనే అంటారు), షెడ్ల పక్కన పనివాళ్లుండే వరస ఇళ్ల చాళ్లు లేచాయి. ఎక్కడి దాకా నగర పరిషత్తు, ఎక్కడి నుంచి పక్క గ్రామ పంచాయతీ అన్నది కాగితం మీద ఒకలా, నేల మీద ఒకలా అయిపోయింది. అందుకని పైనుంచి ఒక అధికారిని పంపారు. ఆయన గల్లీ గల్లీ తిరిగి కొలిచి, రాబోయే గీత ఇదీ అని సున్నంతో గీయించి, మర్నాడు వచ్చి అక్కడి జనం చెప్పేది విని, తన అభిప్రాయం పైకి రాసేవాడు. పద్మనగర్ చుట్టుపక్కలంతా మావాళ్లే కాబట్టి తెలుగు తెలిసిన మనిషి ఒకరు ఆయన వెంట ఉండాలన్నారు. అలా తాత్కాలికంగా నన్ను తీసుకున్నారు. ఆయన సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ చంకలో కొలత టేపుతో ఉండేవాడు. మా ఆడవాళ్లు రెండో రోజుకే ఆయనకి 'టేపు సాబ్' అని పేరు పెట్టేశారు. ఆయన మరాఠీలో అడుగుతాడు, నేను తెలుగులో చెబుతాను. జనం తెలుగులో అరుస్తారు, నేను మరాఠీలో విన్నవిస్తాను. చున్నీకి రెండు వైపులా పిన్నులు పెట్టుకుని, ఫైలు గుండెకి హత్తుకుని నడిచేదాన్ని. ఆ ఫైల్లో నా టిఫిన్‌కి చుట్టిన కాగితం తప్ప ఏమీ ఉండేది కాదు.

అలా కొలుస్తూ కొలుస్తూ ఒక సాయంత్రం మేనత్త వాళ్ల చాల్ దగ్గరికి వచ్చాం. ఊరికి అదే చివర. ఒకే వరసలో ఒంటిగది ఖోలీలు, ముందు గల్లీ, గల్లీ అవతలి అంచున పరిషత్తు వాళ్ల నల్లా. ఆ నల్లాకి పొద్దున్నే నీళ్లొస్తాయి. ఆ కాసేపట్లో పట్టుకున్నదే ఆ రోజుకి తాగడానికి, వండడానికి. టేపు సాబ్ పాత నక్షా పటం చూసి, కొలిచి, గల్లీ మధ్యలో ఈ చివర నుంచి ఆ చివర దాకా తెల్లగా సున్నపు గీత గీయించాడు. గీత పూర్తయ్యాక అప్పుడు చూశాను. నల్లా అవతల ఉంది, గడపలన్నీ ఇవతల ఉన్నాయి. ఆ గీత ఖాయమైతే చాల్ పంచాయతీలోకి పోతుంది, నల్లా పరిషత్తులో ఉండిపోతుంది. పంచాయతీ వాళ్ల బావి ఎక్కడో హైవే అవతల. మిగిలిన సున్నం బస్తా అత్తమ్మ అరుగు మీదే పెట్టించి, "పొద్దున వస్తాం" అని టేపు సాబ్ వెళ్లిపోయాడు. నేను ఉండిపోయాను, విషయం మావాళ్లకి చెప్పాలి కదా.

అత్తమ్మ గడపలో కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. మూడో ఖోలీలో ఉండే వదిన కూడా వచ్చింది. వాళ్లు క్రైస్తవులు. డిసెంబరు వస్తే చాలు ఇంటి ముందు పెద్ద నక్షత్రం ముగ్గు వేస్తుంది కాబట్టి అందరికీ ఆమె నక్షత్రం వదిన. నేను గొంతు సవరించుకుని సమీక్ష అంటే ఏమిటో, సరిహద్దు అంటే ఏమిటో చెప్పి, ఆఖర్న నల్లా సంగతి చెప్పాను.

"అంటే రేపట్నుంచి నీళ్లకు నేను ఊరు దాటి పోవాల్నా?" అంది నక్షత్రం వదిన. "గా గీత దాటితే వీసా అడుగుతరా ఏంది?"

"రేపట్నుంచే కాదు వదినా, పైనుంచి ఆర్డరు రావాలె. రేపు సాబ్ వచ్చి చూసి రాస్తడు. మీరు మంచిగ మాట్లాడుండ్రి. లొల్లి చెయ్యకుండ్రి. ఆయన మంచోడే."

"మంచోడని నీకెట్ల ఎర్క?" అంది అత్తమ్మ తలెత్తకుండా.

నేను మంచితనానికి సాక్ష్యం వెతికాను. "మొన్న గుడి గల్లీల పొయినప్పుడు నడిమిట్ల రంగోలీ ఉండె. కొలిచే తొవ్వ అదే. అయినా తొక్కలేదు అత్తమ్మా, ప్యాంటు పైకి పట్టుకుని అటు దిక్కుకెళ్లి చుట్టూ తిరిగి వచ్చిండు."

"గట్లనా," అంది అత్తమ్మ. ఒక మట్టిగడ్డ ఏరి బయటికి విసిరింది. "గిట్ల ఇంటి ముందర ఒంటి గీత మంచిది గాదు కోడలా. అరిష్టం."

"అత్తమ్మా, దాన్ని ముట్టద్దు! సర్కారు గీత!"

"ఎవలు ముడుతున్నరే? నువ్వు ఇంటికి వో. మీ నాయిన ఎదురుచూస్తుండొచ్చు."

మర్నాడు పొద్దున అందరికన్నా ముందే వెళ్లాను. గల్లీ మలుపు తిరిగి అక్కడే నిలబడిపోయాను. గీత లేదు. గీత ఉన్న చోట పేడనీళ్ల సాన్పు చల్లి అలికిన పచ్చటి నేల, దాని మీద ముగ్గులు. అలాంటిలాంటి ముగ్గులు కావు. అత్తమ్మ గడప ముందు రథం, దాని తాళ్లు పక్క ఖోలీ ముందున్న తామరపువ్వుని పట్టుకున్నాయి. తామరపువ్వు తీగ వెళ్లి నక్షత్రం వదిన నక్షత్రంలో కలిసింది. నక్షత్రం నుంచి మొదలైన చుక్కల ముగ్గు గల్లీ చివరి దాకా పాకింది. గడప దగ్గర నుంచి నల్లా గట్టు దాకా అడుగు పెట్టే చోటు లేదు. అరుగుల మీద నడుద్దామా అంటే అప్పుడే నీళ్లు పట్టిన బిందెలు బారులు తీరి ఉన్నాయి. అరుగు మీద పెట్టిన సున్నం బస్తా చదునుగా మడిచి, ఎంతో మర్యాదగా గోడకి ఆనించి ఉంది. పండక్కి కూడా మా వాడలో అంత ముగ్గు నేను చూసి ఉండలేదు. ఉద్యోగం పోయిందన్న ఏడుపు ఒక వైపు, ఎంత బాగుందో అన్న మురిపెం ఒక వైపు, రెండూ ఒకేసారి వచ్చి ముక్కు కారడం మొదలైంది.

"అత్తమ్మా! ముట్టద్దన్న గదా!"

"ఏందే? పొద్దుగాల లేసి వాకిలి ఊడ్వద్దా? సాన్పు జల్లద్దా? ముగ్గెయ్యకపోతె ఎవరన్న పొయినోళ్ల ఇల్లనుకుంటరు," అంది అత్తమ్మ, వేళ్లకంటిన సున్నం కొంగుకి తుడుచుకుంటూ. "గా సున్నం మాత్రం మంచిది గాదు, చేతులు మండుతున్నయి. సాబ్‌కు చెప్పు, ఇంకోసారి మంచిది తెమ్మని."

అంతలో టేపు సాబ్ వచ్చాడు. ఆయన వెనకే పంచాయతీ తరఫున ఒక పెద్దమనిషి, తెల్ల టోపీ, తెల్ల ధోవతి. ఇద్దరూ ముగ్గు అంచున ఆగారు. గీత ఎక్కడుందని టేపు సాబ్ మరాఠీలో నన్ను అడిగాడు. నేను అత్తమ్మ వైపు చూశాను.

అత్తమ్మ నడుం మీద చెయ్యి వేసింది. "అడుగు కోడలా. ఈన తలకాయల గీతలే ఉన్నయా, మనుషులు లేరా అని అడుగు. గీ నల్లా మాకు లేకుంట జేస్తె ఈన ఇంటికే బిందెలు వట్టుకొస్త అని చెప్పు. ఈనతోనే మోపిస్త!"

నేను మరాఠీలోకి మార్చాను. "మా అత్తయ్యగారు మీ రాక తమ అదృష్టమంటున్నారు. నీళ్ల విషయం కాస్త దయతో ఆలోచించమని కోరుతున్నారు."

టేపు సాబ్ అత్తమ్మని చూశాడు. నన్ను చూశాడు. "ఇంత చిన్నగానా చెప్పింది?" అన్నాడు.

"మా భాష కొంచెం పొడుగు సాబ్," అన్నాను.

కొలత మళ్లీ మొదలుపెట్టాలంటే గల్లీ ఆ చివర పాతిన మేకు దగ్గరికి వెళ్లాలి. టేపు సాబ్ ఒక కాలు ఎత్తాడు. రథం చక్రం మీద ఆ కాలు కాసేపు గాల్లోనే ఉండి, తిరిగి వెనక్కి దిగింది. ఆయన చాలా సేపు ఆ ముగ్గునే చూశాడు. తర్వాత వెనక నుంచి వెళ్లే దారి ఉందా అని అడిగాడు. అత్తమ్మ నా అనువాదం కోసం ఆగకుండానే చాల్ వెనక్కి చెయ్యి చూపింది.

వెనక దారంటే దారి కాదు. చాల్ గోడకీ సాంచెల షెడ్డు గోడకీ మధ్య ఒక మనిషి పక్కకి తిరిగి నడిచేంత సందు, అది దాటగానే నాలా, మురుగు కాలువ. అద్దకాల రంగు నీళ్లతో ఆ రోజు ఎర్రగా పారుతోంది. టేపు సాబ్ బూట్లు చేతిలో పట్టుకుని దిగాడు. తెల్ల టోపీ కాకా ధోవతి మోకాళ్ల పైకి ఎగ్గట్టాడు. నేను ఫైలు నెత్తిన పెట్టుకున్నాను. షెడ్లో సాంచెలు ఖటఖటమని కొట్టుకుంటున్నాయి, ఒకరి మాట ఒకరికి వినబడదు. సగం దూరం వెళ్లేసరికి కాకా ధోవతి అంచు గులాబీ రంగులోకి తిరిగింది. ఆయన ఆగిపోయి, ఆ నాలానీ, కిటికీ కూడా లేని చాల్ వెనక గోడనీ మార్చి మార్చి చూసి, గొంతు చించుకుని మరాఠీలో అరిచాడు. "సాహేబ్, ఈ నాలా దాటించి వీళ్లకి నేను నీళ్లెలా తెస్తాను? వీళ్లకి నా వైపు ఒక్క తలుపు కూడా లేదే! నాకొద్దు బాబూ, ఈ చాల్‌ని మీరే ఉంచుకోండి!"

టేపు సాబ్ ఆ ఎర్ర నీళ్లలో నిలబడే నక్షా తీశాడు. పాత హద్దు ఒకప్పుడు ఈ నాలాయే అట. షెడ్లు లేచాక నాలా ముందు గల్లీ ఉన్న చోటు నుంచి ఇలా వెనక్కి జరిగింది, కాగితం మీది గీత మాత్రం జరగలేదు. ముందు గల్లీలో నిలబడి ఎన్ని సార్లు చూసినా ఆ సంగతి తెలియదు. వెనక్కి వచ్చి కాళ్లు తడుపుకుంటేనే తెలుస్తుంది. ఆయన నక్షా మీద పెన్సిల్‌తో ఏదో గీసి, కాకాకి చూపించాడు. కాకా రెండు చేతులూ జోడించాడు.

మేం మళ్లీ ముందుకొచ్చేసరికి నక్షత్రం వదిన కాళ్లు కడుక్కోమని బిందె తెచ్చింది, అత్తమ్మ చాయ్ తెచ్చింది. టేపు సాబ్ చాయ్ తాగి, గ్లాసు అరుగు మీద పెట్టి, అత్తమ్మ వైపు తిరిగి, ఉన్నట్టుండి శుభ్రమైన తెలుగులో అన్నాడు.

"ముగ్గు మస్తుగున్నదమ్మా. రేపట్నుంచి నడవనీకె కొంచెం తొవ్వ ఇడిసిపెట్టి వెయ్యి."

నా చెవుల్లోంచి ఆవిర్లు వచ్చాయి. ఆయనది షోలాపూరట. అమ్మానాన్నలు మరాఠీ వాళ్లే గానీ, చుట్టూ మా నేత కుటుంబాల మధ్యే పెరిగాడట. ఇన్ని రోజులూ నేను చేసిన విన్నపాలన్నీ, అసలు మాటలతో సహా, రెండు భాషల్లోనూ విన్నాడన్నమాట.

"మరి నాకెందుకు చెప్పలేదు సాబ్?" అన్నాను, ఏడుపు ఆపుకుంటూ.

"నువ్వు అడగలేదు కదా," అన్నాడు మరాఠీలో. "అదీగాక, ఇన్ని గల్లీల్లో ఇన్ని తిట్లు తిన్నాను. నీ దగ్గరికొచ్చేసరికి అవి ఆశీర్వాదాలైపోతుంటే ఎలా ఆపమంటావు?"

అత్తమ్మ మాత్రం తొణకలేదు. "తెలుగొచ్చినోడివి, బిందెలు మోపిస్త అంటె ఇనీ ఇననట్టే ఉంటివి గద బిడ్డా," అంది. ఆయన నవ్వుకుంటూ టేపు చుట్టుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆర్డరు వచ్చేదాకా ఆ చాల్‌లో ఎవరికీ అన్నం సయించలేదు. రోజూ నల్లా దగ్గర బిందె కింద పెట్టేటప్పుడు ఇదే ఆఖరిదేమో అన్నట్టు చూసేవాళ్లు. చివరికి ఆర్డరు వచ్చింది. గీత చాల్ వెనక, నాలా వెంట పడింది. నల్లా ముందే ఉండిపోయింది. నా ఉద్యోగం ఇంకొన్నాళ్లు సాగి, కొలవడం అయిపోగానే అదీ అయిపోయింది. ఆయన్ని మళ్లీ నేను చూడలేదు. ఎవరి గడప ముందైనా ఆగి చూసే అధికారి ఎక్కడైనా ఉన్నాడని వింటే మాత్రం ఆయనేనేమో అనుకుంటాను.

తర్వాత రెండేళ్లకి అత్తమ్మ కొడుకుతోనే నాకు పెళ్లయింది. అంటే ఆ రోజు ముక్కు చీదుకుంటూ ఎవరి నల్లా కోసం భయపడ్డానో, అది నా నల్లాయే అయింది. ఆ నీళ్లతోనే పాపకి స్నానం పోస్తున్నాను, కాచి చల్లార్చి తాగిస్తున్నాను (మూడు సార్లు కాస్తానని మా ఆయన నవ్వుతాడు, నవ్వనీ). మొన్న ఉండబట్టలేక అత్తమ్మని అడిగేశాను, ఆ రోజు ముగ్గు కావాలనే అలా వేయించావా అని.

అత్తమ్మ అదే గడపలో, అదే చేటలో బియ్యం ఏరుతోంది. "ఏందే, నువ్వే జెప్పితివి గద, ఆయన ముగ్గు తొక్కడని," అంది. "నువ్వు మంచిగ జదువుకున్న పిల్లవు. నువ్వు జెప్పినంక నేను నమ్మకుంట ఉంటనా?"

అంటే నేను చేసిన అనువాదాలన్నిటిలోకీ పనికొచ్చింది ఆ ఒక్క మాటేనన్నమాట, అదీ అనువాదం కానే కాదు. ఇవాళ పొద్దున పాప ముగ్గుపిండి గుప్పెడు తీసుకుని గడప ముందు ఒక వంకర గీత గీసింది. పిండి కళ్లలో పడుతుందేమోనని నేను పరిగెత్తాను. అత్తమ్మ నన్ను మోచేత్తో ఆపి, వంగి, దాని పక్కనే ఇంకో వంకర గీత వేసింది. ఎప్పుడో ఆ గల్లీ మలుపులో ఫైలు గుండెకి హత్తుకుని బిక్కమొహంతో నిలబడ్డ పిన్నుల చున్నీ పిల్ల నాకు గుర్తొచ్చింది. ఆ పిల్ల దగ్గరికి వెళ్లి, కళ్లు తుడుచుకుని కాసేపు ముగ్గు చూడవే అని చెప్పాలనిపించింది.