చెవికి ఉండాల్సిన బిళ్ళ

పాడి అంటే సేవ కాదు, వ్యాపారం అని చెప్పడానికి ఒకసారి మా ఊరికి ఒక సారు వచ్చాడు. ఇంద్రేశం దాటి కొంచెం లోపలికి వస్తే మా ఊరు. మహిళా సంఘం వాళ్ళు పంచాయతీ ఆఫీసులో కుర్చీలు వేయించి, సంఘం అప్పుతో బర్రెలు కొన్న ఆడవాళ్ళందరినీ కూర్చోబెట్టారు. మాకు రెండు బర్రెలు, రెండూ అప్పు మీద కొన్నవే. మా ఆయన పటాన్‌చెరులో ఒక కంపెనీలో కాంట్రాక్టు పనికి పోయేవాడు. ఆ పని ఒక నెల ఉంటే ఒక నెల ఉండదు. పాలకేంద్రంలో పోసిన పాలకు వచ్చే డబ్బులే మాకు ఆధారం.

సారు మంచివాడే. ఓపికగా, గోడ మీద బొమ్మలు వేసి చూపించాడు. బర్రెను బర్రెలా చూడకండి, ఒక యూనిట్‌గా చూడండి అన్నాడు. నా పక్కన కూర్చున్న మా అత్తమ్మ నా మోచేయి గిల్లి, "యూనిట్ అంటే కరెంటు బిల్లుల వస్తది గదా పిల్లా?" అని అడిగింది. ముందు వరుసలో వాళ్ళు కూడా వెనక్కి తిరిగి నవ్వారు. సారుకు వినపడిందో లేదో, దాణా గురించి, ఫ్యాటు, అంటే వెన్న శాతం, బాగా పడే పాల గురించి చెప్పుకుంటూ పోయాడు. చివర్లో మాత్రం ఒక మాట అన్నాడు. "రేపు బర్రె చస్తే అప్పు చావదు. అది గుర్తుపెట్టుకోండి. అందుకే బీమా కట్టండి."

ఆ మాట నా బుర్రలో దిగబడింది. అత్తమ్మకు అసలు నచ్చలేదు. బతికున్నదాని ముందు కూర్చుని చావు గురించి డబ్బు కట్టడమేంటని ఆవిడ బాధ. ఇంట్లో పెద్ద గొడవ చేసి మరీ నేను కట్టించాను. నేను ఒకటి పట్టుకుంటే వదలనని మా ఆయన ఇప్పటికీ అందరికీ చెప్తుంటాడు, మెచ్చుకోలో ఎత్తిపొడుపో తెలియదు.

బీమా కట్టాక ఒకతను కటింగ్ ప్లేయరు లాంటి దాంతో వచ్చి రెండు బర్రెల చెవులకూ పసుపురంగు ప్లాస్టిక్ బిళ్ళలు గుచ్చిపోయాడు. బిళ్ళ మీద నంబరు. ఆ నంబరే దానికి ఆధార్ కార్డు అన్నాడు. అత్తమ్మ చుక్క బర్రె మెడ పట్టుకుని నిలబడి, "ముసల్దాన్ని, నా చెవులకు కమ్మల్లేవు. నీకు కమ్మలు పెట్టిర్రు తల్లీ" అంది. నుదుటి మీద తెల్లమచ్చ ఉన్నందుకు అది చుక్క బర్రె. రెండోది ఇంకా లేతది, మొదటి ఈతది. చుక్క బర్రె అత్తమ్మ చెయ్యి తగిలితేనే చేపేది. నేను పొదుగు దగ్గర కూర్చుంటే తల వెనక్కి తిప్పి చూసి, పాలు బిగబట్టేది. నాకు ఒళ్ళు మండేది. దాణా పెట్టేది నేను, పేడ ఎత్తేది నేను, మర్యాద ఆవిడకా అని.

వానలు మొదలయ్యాక బిళ్ళ గుచ్చిన చోట పుండు పడింది. ఈగలు ముసిరి పురుగు పట్టింది. పశువుల డాక్టరు మందు కొట్టిపోయాడు, తగ్గినట్టే తగ్గి మళ్ళీ తిరగబెట్టింది. బర్రె తల విదిలిస్తూ గుంజకేసి రాసుకునేది. మేత మానేసింది. పాలు సగానికి సగం పడిపోయాయి. ఒక పొద్దున నేను పాలకేంద్రం నుంచి వచ్చేసరికి అత్తమ్మ బిళ్ళను కత్తెరతో తెంచేసి, పుండులో కర్పూరం పొడి కూరి, పసుపు అద్దుతోంది. తెంచిన బిళ్ళను సబ్బుతో కడిగి, బర్రె మెడలో గవ్వలు గుచ్చిన నల్ల దారం ఉంటే, ఆ దారానికే కట్టేసింది.

"వాళ్ళేమన్నరు? నంబరు ఉండాలన్నరు. నంబరు గీడ్నే ఉన్నది. వాళ్ళకు సదువరాదా?" అంది.

నాకు కూడా అది తప్పనిపించలేదు, నిజంగా. మా వైపు పిల్లలకు చెవులు కుట్టించాక పుండు పడితే, కమ్మ తీసి, ఎక్కడా పోకుండా మెడలో దారానికే కడతాం. మానాక మళ్ళీ పెడతాం. అందరం అలా పెరిగినవాళ్ళమే. పదిహేను రోజుల్లో చెవి మానింది, పాలు పుంజుకున్నాయి. బిళ్ళ మళ్ళీ గుచ్చించాలన్న ఆలోచన ఇంట్లో ఒక్కరికీ రాలేదు. మెడలో గవ్వల మధ్య పసుపురంగుగా ఆ బిళ్ళ ఊగుతుంటే అందంగా కూడా ఉండేది.

ఒకప్పుడు మేము కౌలుకు తీసుకుని జొన్న వేసిన చోట ఇప్పుడు ప్లాట్ల రాళ్ళు పాతారు. రాళ్ళకు ఎర్రరంగు వేసి నంబర్లు రాశారు. ఆ రాళ్ళ మధ్య మొలిచిన గడ్డి కోసం బర్రెలను తోలేవాళ్ళం. కొత్తగా వచ్చిన అపార్టుమెంట్ల వాళ్ళు మిగిలిన అన్నం, కూరలు కవర్లలో కట్టి అక్కడే విసిరేసేవాళ్ళు. కవరు విప్పుకుని తినడం బర్రెకు తెలియదు. కవరుతోసహా మింగేస్తుంది. నేను ఎన్నోసార్లు కర్ర పట్టుకుని వెంటపడి దాని నోట్లోంచి కవర్లు లాగాను. లాగినవి లాగాను, లోపలికి పోయినవి పోయాయి.

ఒకరోజు పొద్దున చుక్క బర్రె లేవలేదు. ఎడమవైపు డొక్క ఉబ్బి, తోలు బిగుసుకుపోయి ఉంది. మా ఆయన ఆ రోజు డ్యూటీ మానుకున్నాడు. డాక్టరు వచ్చి గొట్టం వేశాడు, ఇంజెక్షన్లు ఇచ్చాడు. అత్తమ్మ దాని తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, నోట్లో నూనె పోస్తూ, చిన్నపిల్లతో మాట్లాడినట్టు మాట్లాడుతూనే ఉంది. ఎండ నడినెత్తికి రాకముందే బర్రె పోయింది. నేను గట్టిగా ఏడ్చాను. ఏడుస్తూనే, సిగ్గు లేకుండా చెప్తున్నాను, బీమా ఉందిలే అనుకున్నాను. ఉందిలే, ఇంకో బర్రె వస్తుందిలే అని నన్ను నేను ఓదార్చుకున్నాను.

బీమా వాళ్ళకు ఫోన్ చేస్తే, మనిషిని పంపుతాం, ఈలోగా చెవికి బిళ్ళ కనపడేలా ఫోటో తీసి పెట్టండి అన్నారు. నేను ఫోన్ పట్టుకుని బర్రె తల దగ్గరికి వెళ్ళాను. చెవి ఖాళీగా ఉంది. డాక్టరు నా ముఖం చూశాడు, చెవి చూశాడు, ఆఖరికి మెడ చూశాడు.

"ఇది చెవికి ఉండాల్సిన బిళ్ళ అమ్మా" అన్నాడు మెల్లగా. "చెవికి లేకపోతే వాళ్ళు ఒప్పుకోరు. మెడల బిళ్ళ ఏ బర్రెకన్నా కట్టొచ్చు అంటరు."

మా ఆయన ఒక్క క్షణం ఆలోచించి లోపలికి పోయి, చెప్పులు కుట్టుకునే ఆరె తెచ్చాడు. ఆ ఆరెతో పాత బొక్కలోంచి మళ్ళీ గుచ్చేద్దామని. డాక్టరు అటు తిరిగి చేతులు కడుక్కుంటూ ఉండిపోయాడు, చూడలేదని చెప్పుకోవడానికి వీలుగా. పాత బొక్క మూసుకుపోయి గట్టిపడింది. కొత్తగా పొడవాలి. మా ఆయన వంగేసరికి అత్తమ్మ రెండు చేతులతో ఆ చెవిని మూసి పట్టుకుంది.

"పానం ఉన్నప్పుడు నొప్పైతదని నేను తీసిన. ఇప్పుడు సచ్చినంక పొడుస్తవారా దాన్ని?"

"అవ్వా, జెర సమజ్ చేస్కో. పైసలు రావు. బర్రె పాయె, పైసలు పాయె, అప్పు మాత్రం ఉంటది."

"రాకుంటే రాకపాయె. పొడవనియ్య."

నేను మా ఆయన చేతిలోంచి ఆరె లాక్కున్నాను. అత్తమ్మ చేతులు విడదీయడానికి లాగాను. నాకంటే సగం బరువు ఉంటుంది ఆవిడ. ఆ వేళ్ళు రాలేదు. "నీ జాలి మమ్మల్ని ముంచుతది అత్తమ్మా" అని అరిచాను. ఆవిడ నా వైపు తల కూడా ఎత్తలేదు. కాసేపటికి నేనే ఆరె పక్కన పడేశాను.

సంగారెడ్డి నుంచి బీమా మనిషి బండి మీద వచ్చాడు. హెల్మెట్ కూడా తీయకుండా చెవి చూశాడు. బిళ్ళ ఎక్కడని అడిగాడు. ఏదో ఒకటి చెప్పడానికి నేను నోరు తెరిచేలోపే అత్తమ్మ మొత్తం చెప్పేసింది. పుండు, పురుగు, కర్పూరం, కత్తెర, అన్నీ. డాక్టరు ఆ నంబరు ఈ బర్రెదేనని, పుండుకు తానే మందు వేశానని సాక్ష్యం చెప్పాడు. తరువాత డొక్క కోసి చూపించాడు. లోపల కవర్లు ముద్దగట్టి, తాళ్ళూ దారాలూ చుట్టుకుని, తలగడంత ఉండ ఉంది. ఆ ముద్దలో పాల ప్యాకెట్లు కూడా ఉన్నాయి. పాలిచ్చే బర్రె కడుపులో పాల ప్యాకెట్లు. నాకు నవ్వు కూడా వచ్చింది, అది నవ్వు కాకపోయినా.

బీమా మనిషి ఫోటోలు తీసుకుని, మెడ దారం తెంచి బిళ్ళ మాత్రం జేబులో వేసుకున్నాడు. "నేను ఉన్నదున్నట్టే రాస్తనమ్మా. ఇంక మా చేతుల్ల లేదు, పైన సూస్తరు" అన్నాడు. పైన చూశారు. కొన్ని వారాల తర్వాత నా ఫోన్‌కు ఒక మెసేజ్ వచ్చింది. బిళ్ళ చెవికి లేనందున తిరస్కరించడమైనది అని.

నేను అత్తమ్మతో మాట్లాడడం మానేశాను. అన్నం పెట్టేదాన్ని, మాట మాత్రం లేదు. కోపమో భయమో నాకే తెలియదు. మిగిలిన బర్రె అప్పటికి సూడితో ఉండి, పాలు వట్టిపోయింది. మళ్ళీ ఈనేదాకా చుక్క పాలు లేవు, మేత మాత్రం రోజూ కొనాల్సిందే. మా ఆయనకు కంపెనీలో పని లేదన్నారు. మేము వాయిదా కట్టకపోతే సంఘంలో మిగతా వాళ్ళకు కొత్త అప్పు రాదు. సంఘం ఆడవాళ్ళు వచ్చి మా గడప దగ్గర కూర్చునేవాళ్ళు. తిట్టేవాళ్ళు కాదు. నాతో పాటే ఈ ఊరికి కోడళ్ళుగా వచ్చినవాళ్ళు, నాతో కలిసి ఆ మీటింగులో నవ్వినవాళ్ళు. "మేమేం జేస్తం సెప్పు, మా మీద వడ్తున్నది" అని తలదించుకుని కూర్చునేవాళ్ళు. తిట్టినా బాగుండేది.

ఆఖరికి నేను సంగారెడ్డి పోయి, ఆ రోజు సలహాలు చెప్పిన సారును వెతికి పట్టుకున్నాను. ఆయన నన్ను కూర్చోబెట్టి నీళ్ళు ఇప్పించాడు. అంతా విన్నాడు. నిజంగానే బాధపడ్డాడు. తిరస్కరించాక తానేమీ చేయలేనన్నాడు. ఒక్క బర్రె మీద గిట్టదమ్మా, పెద్ద యూనిట్ పెట్టండి, దానికి రాయితీ ఉంది అన్నాడు. పెద్ద యూనిట్ పెట్టాలంటే ఏం కావాలని అడిగాను. మేత వేసుకోవడానికి సొంత భూమి ఉండాలి, పాత అప్పు తీరి ఉండాలి అన్నాడు. ఆ రెండూ ఉంటే నేను ఆయన దగ్గరికి ఎందుకు వస్తాను? ఆ మాట నోటిదాకా వచ్చింది. కానీ ఆయన ఇప్పించిన నీళ్ళు తాగి ఉన్నాను కదా, లేచి దండం పెట్టి వచ్చేశాను. బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఇంటిదాకా ఏడ్చాను. పక్క సీటులో ఫ్యాక్టరీకి పోయే బీహారు అబ్బాయి భయపడి ఇంకో సీటుకు మారిపోయాడు.

హత్నూర వైపు నుంచి బేరగాడు వచ్చి సూడి బర్రెను చూసుకున్నాడు. బేరం మా ఆయన చేశాడు. సంఘం బాకీకి సరిపోతే చాలనుకున్నాం. మాకు ఒక పద్ధతి ఉంది. బర్రెను అమ్మినప్పుడు దాని మెడకున్న తలుగు ఇవ్వం. కొన్నవాడు తన తాడు తెచ్చుకుని కట్టుకుపోవాలి. తలుగు ఇంట్లో ఉంటే ఆ కొట్టంలోకి ఇంకో బర్రె వస్తుందని నమ్మకం. ఎంత కష్టంలో అమ్మినా, ఎవరూ తలుగు మాత్రం చేయి దాటనివ్వరు. ఆ బేరగాడు కూడా కొత్త తాడు భుజాన వేసుకునే వచ్చాడు.

అతను బర్రెను ట్రాలీలోకి ఎక్కించాక, అత్తమ్మ విప్పిన తలుగును చుట్టచుట్టి తెచ్చి అతని ముందు పెట్టింది.

అతను చేతులు వెనక్కి తీసుకున్నాడు. "వద్దవ్వా, గిదేంది? ఉంచుకో. మంచిగుండది."

"తీస్కపో బిడ్డా" అంది అత్తమ్మ. "ఇగ మా ఇంట్ల కట్టేసేటందుకు ఏం లేదు."

అన్ని వారాల తర్వాత ఆవిడ నా వైపు చూసింది. వద్దు అత్తమ్మా, ఉంచు అని నేను అంటానేమోనని చూసిందని నాకు తెలుసు. ఒక్క అడుగు వేస్తే ఆ తలుగు నా చేతికి అందేది. నేను కదల్లేదు. ఆవిడ దాన్ని ట్రాలీలో, బర్రె కాళ్ళ దగ్గర పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.