పసుపు పెట్టిన కాగితం

నేను బడికి పోలేదు. మా నాయన ఇంట్లోనే తెలుగు నేర్పించాడు, ఆయన పుణ్యాన రోజూ పారాయణం చేసుకుంటాను. పుంగనూరులో మా వీధి ఆడవాళ్లు ఏ కాగితం వచ్చినా నా దగ్గరికే తెచ్చేవాళ్లు.

తొంభైల చివర్లో పక్కింటామె కువైట్‌కు ఇంటిపనికి పోతూ ఒప్పంద కాగితం తెచ్చింది.

"సూసి సెప్పక్కా. వారానికొక దినం సెలవుండాదా? పాస్‌పోర్టు నా కాడే ఉంటాదా?"

కాగితమంతా ఇంగ్లీషు, అరబ్బీ. నాకు రాదని చెప్పడానికి నోరు రాలేదు. నాలుగు మూలలా పసుపు పెట్టి, దేవుడి పటం ముందుంచి తీసి, "అంతా బాగుండాది, పోయిరామ్మా" అన్నాను.

మూడేళ్లకు తిరిగొచ్చింది. అన్నాళ్లూ ఒక్క దినం సెలవు లేదు. పాస్‌పోర్టు ఇంటి యజమానురాలి బీరువాలోనే ఉండిపోయింది. చివర్లో అక్కడ పక్కింట్లో పనిచేసే మలయాళీ ఆయా ఆ కాగితం చదివిపెట్టిందట. సెలవూ, పాస్‌పోర్టు పనిమనిషి దగ్గరే ఉండాలన్న మాటా రెండూ అందులో రాసే ఉన్నాయట.

"తెలిసుంటే మొదటి వారమే అడిగేదాన్ని. నువ్వు సదివినప్పుడు కనపళ్లేదా అక్కా?"

"నాకు ఇంగ్లీషు రాదమ్మా" అన్నాను, మూడేళ్లు ఆలస్యంగా.

"ఆ మాట ఆ పొద్దే సెప్పుంటే మదనపల్లె బస్టాండు కాడ టైపు కొట్టే ఆయన సదివిపెట్టుండేవాడు గదా" అని, నాకోసం తెచ్చిన ఖర్జూరాల పొట్లం చేతిలో పెట్టింది.

ఆమె క్షేమంగా వచ్చినందుకు దేవుడికి దండం పెట్టుకున్నాను. ఖర్జూరాలు మాత్రం నోట పెట్టలేకపోయాను.