అమ్మ కుడికాలి వేలు

నా చిన్నప్పుడు కలకత్తాలో మేమున్న మునిసిపాలిటీ క్వార్టర్లలో అందరూ శ్రీకాకుళం వైపు వాళ్లే. మగవాళ్లలో చాలామంది రేవులో మూటలు మోసేవారు. ఆడవాళ్లు పొద్దు పొడవకముందే చీపుళ్లు పట్టుకుని రోడ్లెక్కేవారు. మా అమ్మా అంతే. నాన్న సిమెంటు బస్తాలు మోసి మోసి ఊపిరితిత్తులు పాడుచేసుకుని, నాకు తొమ్మిదేళ్లు వచ్చేసరికి మంచం పట్టాడు. అప్పటినుంచి ఇంట్లో పొయ్యి వెలగాలంటే అమ్మ కాళ్లు నడవాల్సిందే.

ఆ కాళ్లలో కుడిది మొండికేసింది. బొటనవేలు పక్కకు ఒరిగి, దాని పక్క వేలు కొక్కెంలా వంగి పైకి లేచిపోయింది. చెప్పు పట్టీ ఆ వేలి కణుపు మీదే ఒరుసుకునేది. అక్కడ ఆనెకాయ కట్టి, పగిలి, రసి కారేది. అమ్మ బరువంతా మడమ మీద వేసి, పాదం బయటికి తిప్పి నడిచేది. ఆ నడకతో మోకాలు, నడుము కూడా పట్టేశాయి. క్వార్టర్ల పిల్లలు ఆమె వెనకే నడుస్తూ వెక్కిరించేవారు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ, వాళ్లతో కలిసి ఒకసారి నేనూ నవ్వాను.

చివరికి ఆస్పత్రికి వెళ్తే, ఆ వంగిన వేలి ఎముక కాస్త కోసి, సన్నటి తీగ గుచ్చి నిటారుగా నిలబెడతానన్నాడు డాక్టరు. వేలు ఇక ముడుచుకోదట, కానీ నేలకు ఆనుతుందట, చెప్పు ఒరుసుకోదట. షరతు ఒక్కటే. వాపు పూర్తిగా తగ్గేదాకా, ఎన్ని నెలలు పట్టినా, ఆ వేలికి మట్టె పెట్టకూడదు.

మొగుడు మంచంలో ఉండగా మట్టె తీయడమేమిటని ఆడవాళ్లంతా బుగ్గలు నొక్కుకున్నారు. ఎదురింటి పెద్దమ్మయితే చెవిన ఇల్లు కట్టుకుని పోరింది. అమ్మ వినలేదు. సబ్బు రాసి తనే మట్టె లాగి, బియ్యం డబ్బాలో పడేసి ఆపరేషన్‌కి వెళ్లింది.

ఆరు వారాలకు తీగ తీశారు. ఇంటికొచ్చి గోడ పట్టుకుని నాలుగడుగులు వేసిన అమ్మ, వేలు నేలకు ఆనుతోందంటూ ఆశ్చర్యంగా నాన్న వైపు చూసింది. అంత సంతోషం ఆమె ముఖంలో మళ్లీ నేను చూడలేదు.

అదే వారం నాన్నకు దగ్గుతో రక్తం పడింది. పెద్దమ్మ నన్ను గుమ్మంలో ఆపి, "మీయమ్మ మట్టె తీసీసింది గదే, ఇంకేటవుద్ది?" అంది. మధ్యాహ్నం కరెంటు పోయింది. అమ్మ నొప్పి మాత్ర వేసుకుని పడుకుంది. ఆ వేలికి ఇంకా స్పర్శ సరిగా రాలేదు. నేను బియ్యం డబ్బాలో వెతికి మట్టె తీశాను. కొబ్బరినూనె రాసి, కణుపు దాటేదాకా తిప్పి తిప్పి నెట్టాను. ఇక నాన్నకేమీ కాదనుకుని ఆటకు వెళ్లిపోయాను.

తిరిగొచ్చేసరికి వేలు వాచి నల్లబడింది. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. నాలుగు రోజులుగా మంచం దిగని నాన్న నేల మీద కూర్చుని, మట్టె కిందుగా కుట్టుదారం దూర్చి, వేలి చుట్టూ బిగించి చుడుతున్నాడు. ఊపిరి ఆడక మధ్యమధ్య ఆగుతున్నాడు. దారం ఒక్కో చుట్టూ విప్పుతుంటే మట్టె కొంచెం కొంచెంగా జారి ఊడింది. తలుపు చాటునున్న నన్ను దగ్గరకు పిలిచాడు. కొడతాడనుకున్నాను.

"నా పేణం మీయమ్మ కాలేలికి కట్టి నేదమ్మా," అన్నాడు. "దాని నడకే ఆ ఏల్లో ఉంది."

మర్నాడు డాక్టరు చూసి, పూర్తిగా అతకని ఎముక పక్కకు జరిగిందన్నాడు. ఎవరు చేశారీ పని అని అడిగాడు. నేను అమ్మ పక్కనే నిలబడి ఉన్నాను. అమ్మ వచ్చీరాని బంగ్లాలో, తనే పెట్టుకున్నానని చెప్పింది. అందరి ముందూ ఆయన ఎంత తిట్టినా తలవంచుకుని పడింది. మళ్లీ కోయించుకోవాలంటే మళ్లీ సెలవు పెట్టాలి. అది కుదిరే పని కాదు.

వానలు మొదలవకముందే నాన్న పోయాడు. అమ్మ మట్టెలు తీయడానికి ఆ ఆడవాళ్లే వచ్చారు. ఎడమకాలికే ఉంది. మాట విననందుకు ఫలితం ఇదేనని పెద్దమ్మ అందరికీ వినబడేలా అంది. అమ్మ నా వైపు ఒకసారి చూసి, ఎడమకాలు ముందుకు చాపింది. ఆ మట్టె మళ్లీ తొడిగింది నేనేనని నేనూ చెప్పలేదు.

ఆనెకాయ మళ్లీ రాలేదు. పొద్దున్న ఊడ్చడం మొదలుపెట్టినప్పుడు అమ్మ మామూలుగానే నడిచేది. వీధి చివరికి వచ్చేసరికి, పక్కకు ఒరిగిన ఆ వేలు పక్క వేలిని నొక్కి నొక్కి, నడక మళ్లీ మడమ మీదికి వచ్చేది. సాయంత్రాలు ఆ పాదం పట్టేదాన్ని. చెప్పేద్దామని నోటిదాకా వచ్చేది. నా చెయ్యి ఆ వేలి దగ్గర ఆగగానే, "సాల్లే, ఎళ్లి సదువుకో" అని అమ్మ కాలు వెనక్కి తీసుకునేది.

ఏ ఇంట్లో కష్టం వచ్చినా, అది ఫలానా ఆమె చేసిన తప్పేనని నలుగురూ అంటుంటే నేనిప్పటికీ అక్కడ కూర్చోలేను. నేను చేసింది తన మీద వేసుకుని, మా అమ్మ పాతికేళ్లు కలకత్తా రోడ్లు ఊడ్చింది.