గట్టున్న బల్ల

వాచీల మేస్త్రీ బుద్ధి గడ్డి తిన్నది పెద్దల్లుడు గాజుబల్ల తెచ్చిన రోజునే. దీంతో కొట్టుకు కళ వస్తుందన్నాడు అల్లుడు. కాదంటే కూతురు ముఖం మాడ్చుకుంటుంది. అందుకని ముప్పై ఏళ్లు తన మోచేతుల బరువు మోసిన టేకుబల్లను పాతసామాన్లవాడికి ఇచ్చేశాడు. పైగా బండిదాకా తనే ఒక పక్క పట్టుకుని సాయం చేశాడు, మహానుభావుడు.

కళ వచ్చింది. పనే పోయింది. పాతబల్లకు అంచు చుట్టూ చిటికెనవేలంత గట్టు ఉండేది. జారిన స్క్రూ ఎంత దొర్లినా అక్కడ ఆగాల్సిందే. గాజుకు గట్టెక్కడిది? ఆవగింజలో సగం లేని స్క్రూలు హాయిగా దొర్లి నేలమీదికి దూకేవి. మేస్త్రీ అయస్కాంతం పట్టుకుని మోకాళ్లమీద పాకేవాడు. అల్లుడు మాత్రం చుట్టపుచూపుగా వచ్చి, ఆ బల్లలో తన మొహం చూసుకుని, జుట్టు సర్దుకుని వెళ్లేవాడు.

ఇంతలో పంతులమ్మగారు తన తండ్రి వాచీ తెచ్చి, శనివారానికల్లా కావాలన్నారు. అందులో ఒక్క స్క్రూ పోయినా మళ్లీ దొరకదు. మేస్త్రీకి వెనకమూత తీయడానికే చెయ్యి రాలేదు. శుక్రవారం పొద్దున, ఇది కూడా పాడుచేస్తే కొట్టు మూసేస్తానని భార్యతో చెప్పి, వాచీ, పనిముట్లు సంచిలో వేసుకుని తన బల్లను వెతుక్కుంటూ బయల్దేరాడు.

పాతసామాన్లవాడు చెప్పిన షాపులో, అద్దాల వెనక, పాలిష్ పట్టించుకుని పెళ్లికొడుకులా నిలబడి ఉంది బల్ల. మీద ధర చీటీ. ఆ డబ్బుకైతే తన కొట్టు, కొట్టుతోపాటు తనూ వచ్చేస్తామనుకున్నాడు మేస్త్రీ. షాపాయన బల్ల గొప్పతనం ఓపిగ్గా వివరించాడు. ఈ రెండు గుంటలూ ఎవరో మోచేతులు ఆన్చి ఆన్చి పడినవట. అలాంటి పనివాళ్లు ఇప్పుడెక్కడున్నారని నిట్టూర్చాడు కూడా.

మేస్త్రీ తన మోచేతులు గుంటల్లో పెట్టాడు. సరిగ్గా సరిపోయాయి. ఏడుపొచ్చినంత పనైంది.

"ఒక్క గంట కూర్చోనివ్వు నాయనా. పని చేసుకుని లేస్తా."

షాపాయన ఆ మోచేతుల్నీ, గుంటల్నీ మార్చి మార్చి చూసి, కుర్చీ జరిపాడు.

సగం పనిలో స్క్రూ జారింది. దొర్లింది. గట్టుకు తగిలి ఆగింది. మేస్త్రీ దాన్ని తీసి బిగించాడు. ఈలోగా అద్దం బయట జనం మూగారు. లోపలికొచ్చినవాళ్లు ఊరికే పోలేక రెండు దీపాలూ, ఒక కుర్చీ కొన్నారు. వాచీ ఆడటం మొదలయ్యేసరికి షాపాయన కొత్త చీటీతో తయారుగా ఉన్నాడు.

"ఏమనుకోకండి పెద్దాయనా. దీని విలువ నాకిప్పుడే తెలిసింది. ధర పెంచుతున్నా."

"పెంచు. ఇంకో సున్నా కూడా పెట్టు, ఎవడూ కొనకూడదు," అన్నాడు మేస్త్రీ. "రేపు పంతులమ్మగారిని ఇక్కడికే రమ్మంటా. తలుపు పెందలాడే తియ్యి."

షాపాయన బయట జనాన్ని ఒకసారి లెక్కబెట్టుకుని, ఇంకో సున్నా పెట్టాడు.