రేకుల ఫ్యాక్టరీ

మా అక్కకి దుమ్మంటే పడేది కాదు. ఆమె ఇంట్లో కాలు పెట్టాలంటే నాకే హడల్. బావ సిమెంటు రేకులు కోసే పనివాడు. సాయంత్రానికి పిండిమరలోంచి వచ్చినట్టు తెల్లగా వచ్చేవాడు. అక్క ఆయన చొక్కా విప్పించి, పెరటి గుమ్మంలో నిలబడి ఫటఫటా దులిపి గానీ నీళ్లలో వేసేది కాదు. తడిస్తే దుమ్ము గుడ్డకి అంటుకుపోతుందని ఆమె లెక్క. బావ పని మానేదాకా అదే వరస.

అరవై దాటాక ఆమెకి ఆయాసం పట్టుకుంది. ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరిందన్నారు. సూదితో తీస్తే మళ్లీ చేరింది. ఆ నీటికి ఎన్ని పరీక్షలు చేసినా ఏమీ తేలలేదు. చివరికి డాక్టరు, పక్కటెముకల మధ్య చిన్న గాటు పెట్టి, కెమెరా ఉన్న గొట్టం పంపి లోపల స్వయంగా చూస్తానన్నాడు.

"కడుపులో దాచుకున్న మాటలు కూడా కనబడతాయా డాక్టరు గారూ?" అంది అక్క. నవ్వింది ఆమె ఒక్కతే.

లోపలి పొర మీద తెల్లటి బుడిపెలు కనిపించాయి. ముక్కలు తీసి పరీక్షకి పంపితే క్యాన్సరని తేలింది. డాక్టరు మా ముగ్గురినీ కూర్చోబెట్టాడు.

"ఇది ఎక్కువగా సిమెంటు రేకుల్లో ఉండే ఆస్బెస్టాస్ దుమ్ము వల్ల వస్తుంది. బట్టల మీద ఇంటికొచ్చిన దుమ్మైనా చాలు. ఎన్నో ఏళ్లకి బయటపడుతుంది. మీ ఇంట్లో ఎవరైనా ఆ పని చేశారా?"

బావ నోరు తెరవబోయాడు. అక్క అందుకుంది.

"మా పుట్టింటి పక్కనే రేకుల ఫ్యాక్టరీ ఉండేదండీ. చిన్నప్పుడు అక్కడే ఆడుకునేవాళ్లం. కదే?"

మా పుట్టింటి పక్కన ఉన్నది దర్జీ కొట్టు. నేను తలూపాను. ఆమె మాట కాదనే ధైర్యం నాకెప్పుడూ లేదు.

అక్క పోయాక బావకి నిద్ర కరువైంది. పెరట్లో ఎవరో చొక్కా దులుపుతున్న చప్పుడు వినిపిస్తోందనేవాడు. నేను వెళ్లినప్పుడల్లా ఒకటే పోరు: "ఆ ఫ్యాక్టరీ ఎక్కడుండేదో ఒక్కసారి చూపించమ్మా."

పీక్కుతింటుంటే ప్రాణం విసిగింది. చూస్తే మనసు కుదుటపడుతుందేమోనని, మొన్న మా పాత వీధి చివరికి తీసుకెళ్లి ఖాళీ స్థలమొకటి చూపించాను.

"ఇక్కడే ఉండేది బావా. తర్వాత పడగొట్టారు."

ఆయన ఆ పిచ్చిమొక్కల కేసి చాలాసేపు చూశాడు. నాలుగు తిట్లు తిట్టుకుని తేలికపడతాడనుకున్నాను.

"మీ అక్క సరే. నువ్వైనా నిజం చెబుతావని అడుగుతున్నానమ్మా, ఇన్నాళ్లూ," అన్నాడు.