ప్రశ్నతో పాటు పెదవి దాటినవి

సముద్రాలు దాటినవాళ్ల గురించి, యంత్రాలు కనిపెట్టినవాళ్ల గురించి పిల్లలకు పాఠాలు చెప్పి బతుకుతున్నవాణ్ని నేను. ప్రపంచంలో ఎవరెవరు ఏమేం కనిపెట్టారో చెప్పగలను గానీ, ఇంట్లో నా కళ్లద్దాలు ఎక్కడున్నాయో కనిపెట్టలేనని మా ఆవిడ అభిప్రాయం. దాన్ని ఖండించేందుకు నా దగ్గర ఆధారాలు లేవు. అయినా తిరుపతిలో సోషల్ మాస్టరుగా నాకు కాస్త పేరుంది. పోయిన ఏడాది జెండా పండగనాడు ఆ పేరే నన్ను అత్తవారి ఊరు నగరికి లాక్కుపోయింది.

ఆ రోజు నేను అడిగిన మహానుభావుల పేర్లు ఇక్కడ ఒక్కటీ రాయను. పేర్లు నా పెదవుల మీదికి రావడం వల్లే కొంప మునిగింది.

నగరిలో మా అత్తవాళ్ల వీధి మొత్తం మరమగ్గాలే. జెండా పండగనాడు మాత్రం మగ్గాలు ఆపుతారు. జెండా ఎగరేశాక ఆ వీధి ఆడబిడ్డలకూ కోడళ్లకూ పోటీ పెడతారు. అక్కడ పుట్టి బయటికి వెళ్లినవాళ్లు ఒక పక్క, బయట పుట్టి అక్కడికి వచ్చినవాళ్లు ఒక పక్క. ముగ్గుల పోటీలో ఏటా తగువులే అవుతున్నాయని ఈసారి ప్రశ్నల పోటీ అన్నారు. జ్ఞానంలో తగువులుండవని వాళ్ల నమ్మకం. అడగడానికి అల్లుడున్నాడుగా అన్నారు. ఆడబిడ్డల తరఫున మా ఆవిడ నిలబడింది. కోడళ్ల తరఫున నా బావమరిది భార్య. గెలిచినామెకు ప్రెషర్ కుక్కరు.

కుక్కరు ఇంకా పొయ్యెక్కకముందే నాకు ఆవిరి పట్టింది. ఆ వీధిలో అన్నదమ్ములు గొడవపడినా, గోడ పక్కకు జరిగినా, తిరుపతి అల్లుణ్ని పిలవండి అంటారు. నేను పక్షపాతం లేనివాణ్నని నమ్మకం. అత్తవారింట నేను సంపాదించిన ఆస్తి అదొక్కటే. ఇప్పుడు మా ఆవిడ గెలిస్తే, జవాబులు ఇంట్లోనే వడ్డించి తీసుకొచ్చానంటారు. ఆ ఆస్తి ఆ పూటతో పోతుంది.

అందుకని ప్రశ్నలు బడిలోనే రాసుకుని, బడిలోనే దాచి, ఆ రోజు పొద్దున జేబులో పెట్టుకుని బస్సెక్కాను. దారిలో మా ఆవిడ ఒక్కటే అడిగింది.

"కష్టంగా ఉండాయా?"

"అది కూడా చెప్పను."

"అబ్బో! కలెక్టరు పరీక్ష పెడతా ఉండారు పో."

మగ్గాల షెడ్డులోనే పోటీ. ఇద్దరినీ నాకెదురుగా కుర్చీల్లో కూర్చోబెట్టారు. వీధి జనం చుట్టూ మూగారు. మైకు తెస్తామన్నారు గానీ వద్దన్నాను. వెనకబెంచీల మీద గెలిచిన గొంతు నాది.

"ఎవరూ అందించకూడదు. చిన్న శబ్దం వినబడినా మార్కు కోసేస్తాను" అని హెచ్చరించి మొదలుపెట్టాను.

మన దేశానికి సముద్రం మీద దారి కనుక్కుని వచ్చిన పోర్చుగీసు నావికుడు ఎవరన్నాను. మా ఆవిడ టక్కున చెప్పింది. టెలిఫోను ఎవరిదన్నాను. బావమరిది భార్య ఠక్కున చెప్పింది. అచ్చుయంత్రం, ఆవిరియంత్రం, దక్షిణ ధ్రువం. ఒకామె చెప్పి ముగించేలోగా రెండో ఆమె తలూపుతోంది. మన ఆంధ్ర రాష్ట్రానికి మొదటి రాజధాని ఏదన్నాను. ఇద్దరూ ఒకేసారి కర్నూలన్నారు. మా బడి పిల్లల్లో సగం మంది హైదరాబాదంటారు, మిగతా సగం మంది బాత్రూముకు పోతామంటారు.

జనంలో గుసగుస మొదలైంది.

"పేపరు ముందే ఇచ్చేసినట్టుండాడప్పా."

"పెళ్లానికి ఇస్తే ఇచ్చినాడు, ఆ పిల్లకు ఎందుకిచ్చినాడు?"

"ఇద్దరికీ ఇస్తే న్యాయం గదా! అల్లుడు మనిషి మంచోడు."

జనమే అందిస్తున్నారని నాకు అనుమానం వచ్చింది. అందర్నీ లేపి, పోటీదారుల వీపుల వెనక్కి పంపాను. ఇప్పుడు వాళ్లిద్దరికీ కనబడేది నేనొక్కణ్నే. రైలు, రేడియో, ఉత్తర ధ్రువం అడిగాను. ఇంతకుముందు కంటే వేగంగా వచ్చాయి జవాబులు. ఇద్దరూ సమానం. ఇక మిగిలింది ఒకే ప్రశ్న.

అప్పుడు మా అత్త లేచి నా దగ్గరికి వచ్చింది. పుట్టినప్పటి నుంచి మగ్గాల మధ్య బతికిన మనిషి. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

"అల్లుడా, ఆ బుజం మీద కండువాతో మూతి మూసుకోని అడుగు నాయనా."

"ఎందుకత్తా?"

"ప్రశ్న అడిగేది గొంతుతో, జవాబు సెప్పేది మూతితో. ఎవురి కోసం అడగతా ఉండావు ఇంక?"

షెడ్డంతా గొల్లున నవ్వింది. నాకు అప్పుడు వెలిగింది. ప్రశ్న అడిగాక జవాబును నాలో నేను ఒకసారి అనుకోవడం నాకు అలవాటు. గొంతు రాదు, పెదవులు మాత్రం కదులుతాయి. ఇన్నేళ్లలో బడిలో ఏ పిల్లవాడూ దాన్ని పట్టుకోలేదు. కానీ మగ్గాలు ఆడుతుంటే పక్కనున్నవాడి అరుపు కూడా వినబడని చోటు ఇది. ఇక్కడివాళ్లు మాటలు చెవులతో కాదు, కళ్లతో వింటారు. కొత్తల్లుడిగా వచ్చినప్పుడు నా ఎదురుగానే నన్ను గురించి అంతా ఉత్త పెదవులతోనే మాట్లాడుకున్నారు. నేను మాత్రం వీళ్లందరికీ వక్క నమిలే అలవాటుందనుకున్నాను. అదే షెడ్డులో నిలబడి, శబ్దం వినబడితే మార్కు కోస్తానన్నాను. నిబంధన ఎవరూ మీరలేదు. మీరినవాణ్ని నేనొక్కణ్నే.

"ఒగ మాట ఎక్కువా లేదు, తక్కువా లేదు, ఇద్దరికీ సమానంగానే అందించినావులే" అని అత్త నా వీపు తట్టింది. అదొక్కటే కాస్త ఊరట.

కండువా ముక్కుదాకా కట్టుకుని ఆఖరి ప్రశ్న అడిగాను. ఓడ మీద భూమిని మొట్టమొదట చుట్టి వచ్చినవాడు ఎవరు?

ఈసారి జవాబు టక్కున రాలేదు. తర్వాత బావమరిది భార్య ఒక పేరు చెప్పింది. ఆ యాత్రకు ఓడలు బయలుదేరదీసిన కెప్టెన్ పేరు. నా చీటీలోనూ అదే ఉంది. కరెక్టు అనబోతుంటే మా ఆవిడ లేచింది.

"ఆయప్ప యాడ సుట్టొచ్చినాడు? నడిమధ్యలో ఏదో దీవిలో కొట్లాటకు పోయి సచ్చిపోయినాడు. తిరిగొచ్చింది ఆయప్పతో పోయినోళ్లు."

మా ఆవిడ చెప్పిందే నిజం. గైడులో ఉన్నది ఉన్నట్టు దించుకున్న తప్పు నాది. ఇప్పుడు నిజం చెబితే అబద్ధికుణ్నవుతాను, అబద్ధం చెబితే న్యాయమూర్తినవుతాను. కండువా విప్పి గట్టిగా చెప్పాను.

"చీటీ తప్పు. మా ఆవిడ చెప్పిందే ఒప్పు."

ఒక్కసారిగా అరుపులు. "ఆఖర్న మొగుడనిపించుకున్నాడు సూడు!" "చీటీ గూడా పెళ్లాం మాటే వినాలంట!" బావమరిది భార్య కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇట్లయితే ఎట్లన్నా? మొదలుపెట్టి ఓడలు కట్టించి పోయినోడిది కాకుండా పోతాదా ఆ గొప్ప?"

అత్త కోడలి వైపు తిరిగింది.

"పోయిన వారం నా కొడుకు సీర సగం నేసి తిరుత్తణికి పోయినాడు. మిగతా సగం నువ్వు నేసి, మగ్గం మీద నుంచి కోసినావు. సీర ఎవురిదన్నావే?"

కోడలు మగ్గం వైపు చూసింది.

"వీధి వీధంతా వినేట్టు అరిసినావు. కోసింది నేను, సీర నాది అని. మరి ఆ కెప్టెనుకొగ న్యాయం, నా కొడుక్కొగ న్యాయమా?"

ఆ పిల్ల కళ్లు తుడుచుకుని, ఉన్నట్టుండి పక్కున నవ్వింది. "సరే అత్తా, కుక్కరు వదినకే ఇయ్యండి. అయితే ఆ సీర నాదేనని మీ కొడుకు గూడా ఈడ అందరి ముందర ఒప్పుకోవాల."

వెనక వరసలో నా బావమరిది నేల వైపు చూస్తూ ఒప్పుకున్నాడు. వీధి చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లలో నా ఆస్తి నాకు దక్కిందనిపించింది. వెళ్లేటప్పుడు ఒక పెద్దాయన చెయ్యి పట్టుకుని, "గోడ సంగతి ఒగటుండాది, మళ్లీ వచ్చినప్పుడు తీర్చి పోప్పా" అన్నాడు. మనసు కుదుటపడింది.

చీకటి పడ్డాక తిరుగు బస్సులో మా ఆవిడ కుక్కరును ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"ఆఖరిది మాత్రం నీ సొంతం" అన్నాను మెచ్చుకోలుగా.

"మిగతావి గూడా సొంతమే. నేను నోరు తెరిసే లోపల మీరే తొందరపడినారు."

"నా పెదవులు కదులుతాయని నీకు ముందే తెలుసా?"

"పెళ్లయిన కొత్తల్నుంచి."

నేను కాసేపు లెక్కలు వేసుకున్నాను. ఇన్నేళ్లలో ఆమె రసం తాగుతూ, ఆమె షాపింగు ముగిసేదాకా బయట నిలబడి, వాళ్ల చిన్నాయన మా ఇంట్లో మకాం పెట్టినప్పుడు, నాలో నేను అనుకున్నవన్నీ ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి.

"అన్నీ అర్థమయ్యేవా?"

"అన్నీ" అంది, కుక్కరు మూత తిప్పి చూసుకుంటూ.

ఆమెకు కనబడకుండా మొహం కిటికీ వైపు తిప్పుకుని ఏదో అనుకున్నాను.

"అద్దముండాది" అంది మా ఆవిడ.