ఎవ్వలకు చెప్పని నెల

నెల తప్పి పది దినాలైంది. మూడో నెల నిండకముందే బయటపెడితే దిష్టి తగుల్తదని మా దిక్కు పట్టింపు. అందుకే అమ్మకు చెప్పలే, మా ఆయనకు గూడ చెప్పలే. నల్లగొండ నుంచి దేవరకొండ పోయే బస్సుల నిలబడి, కొంగుల కట్టుకున్న బియ్యం గింజలు నోట్లె ఏసుకుంటున్న.

సీట్ల కూసున్న ఒక ముసలామె అది చూసింది. ఒక్క మాట అడగకుంట లేచి, పక్క సీట్ల పెట్టుకున్న మూట తీసి, కిటికీ పక్క జాగ నాకిచ్చి, తను ఇవతల కూసుంది.

"గీ నెలంత గిట్లనే ఉంటది బిడ్డా. నోట్లె నీళ్లూరుతయి, డీజిల్ వాసన పడదు, కూసున్నకాడనే నిద్రొస్తది. ఫికర్ చెయ్యకు."

"గదేం లేదవ్వా," అన్న.

ఆమె నవ్వింది. "మంచిగ చెప్పినవ్. ఎవ్వలడిగినా గట్లనే చెప్పు."

నాకు నిద్ర పట్టింది. బస్సు గుంతల పడి ఎగిరితే కండ్లు తెరిచిన. ముందు సీటు ఇనుప రాడ్డుకూ నా కడుపుకూ నడుమ ఆమె చెయ్యి అడ్డం ఉన్నది. మల్లేపల్లిల తను దిగేదాక ఆమె ఆ చెయ్యి తియ్యలే.

వారం తిరగకముందే కడుపు పోయింది. నెలసరి ఆలస్యంగ వచ్చిందనుకున్నరు ఇంట్ల. బట్టలు నేనే పిండుకున్న. ఉన్నదనే ఎవ్వలకూ తెల్వనప్పుడు, పోయిందని ఎవ్వలకు చెప్పాలె?

ఏడేండ్లయింది. ఇప్పటికీ మల్లేపల్లిల బస్సు ఆగితే కిటికీకి దూరం జరుగుత. ఆమె కనబడితే ముందుగాల బిడ్డ సంగతే అడుగుతది. ఆమె యాదిల నా బిడ్డ ఇయ్యాల బడికి పోతాంది.